షిమొనాదలో బండెక్కింది నలుగురమే

ఆ సాయంత్రం షిమొనాద స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నాతో కలిపి ఇరవై ఏడు మందిమి ఉన్నాం. తోచక లెక్కపెట్టాను. 2023 ఆగస్టు ఆఖరి వారం. గాలి లేదు, చొక్కా వీపుకి అంటుకుపోయింది, సముద్రం నూనె పోసినట్టు కదలకుండా పడి ఉంది. చిన్న కప్పు కింద ఒక బెంచీ. దాని మీద కూర్చుని సముద్రం వైపు చూస్తున్నట్టు వెనక నుంచి ఫొటో తీయించుకోవాలి. అందుకో చిన్న క్యూ. వంతు అయిపోయినవాళ్లు లేచి, వెనకవాళ్లకి తల వంచి, పక్కకి జరుగుతున్నారు.

కాసేపటికి బండి వచ్చింది. ఒకే ఒక్క పెట్టె. ఫోన్లన్నీ సూర్యుణ్ణి వదిలేసి అటు తిరిగాయి. తలుపు తెరుచుకుంది. ఎక్కింది నలుగురం. మిగతా ఇరవై ముగ్గురూ కదిలే బండిని ఫొటో తీసుకున్నారు. వాళ్లంతా కార్లలో వచ్చినవాళ్లు, కార్లలోనే వెళ్తారు.

ఈ వ్యాసం ఆ ఇరవై ముగ్గురి మీద ఫిర్యాదు కాదు. మొదట అలాగే రాద్దామనుకున్నాను. రెండు మూడు సార్లు రాసి కొట్టేశాక విషయం వేరే చోట ఉందని అర్థమైంది.

షిమొనాద ఎక్కడుందో ముందు చెప్పాలి. జపాన్ నాలుగు పెద్ద దీవుల్లో చిన్నది షికోకు. అందులో వాయవ్యపు మూల ఎహిమె ప్రిఫెక్చర్, ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది. దాన్లో ఇయో అనే చిన్న పట్టణం. ఆ పట్టణం కింద ఫుతామి అనే సముద్రపు ఒడ్డు ఊళ్లున్నాయి. ఫుతామి 2005 దాకా విడిగా ఉండేది, తర్వాత ఇయోలో కలిపారు. షిమొనాద ఆ ఫుతామిలోది. యోసాన్ అనే రైలు లైన్ మీద, ఎహిమె రాజధాని మత్సుయామా నుంచి పాసింజరు బండిలో ఇంచుమించు గంట. వెనక కొండ, కొండ మీద కమలా తోటలు, ముందు సముద్రం. మధ్యలో మిగిలిన సన్నటి పట్టీలోనే ఇళ్లూ, రోడ్డూ, పట్టాలూ అన్నీ సర్దుకోవాలి. స్టేషన్ తెరిచింది 1935లో. చెక్కతో కట్టిన చిన్న గది, అందులో నాలుగు కుర్చీలు పట్టే చోటు. ఉద్యోగి ఎవరూ ఉండరు. టికెట్లమ్మే మనిషి లేడు, చింపే మనిషీ లేడు.

1998, 1999, 2000 సంవత్సరాల్లో వరసగా మూడు సార్లు ఈ స్టేషన్ ఒక రైల్వే పోస్టరుకెక్కింది. జపాన్‌లో సెయ్‌షున్ 18 అని ఒక చౌక టికెట్టు ఉంది, దాని పోస్టరు. 1982 నుంచి అమ్ముతున్నారు. నేను వెళ్లిన ఏడాది దాని ధర 12,050 యెన్. అది చెల్లే సీజన్‌లో మనకి నచ్చిన ఐదు రోజులు, దేశం మొత్తం జేఆర్ (పాత జాతీయ రైల్వేలోంచి పుట్టిన కంపెనీలు) లోకల్ బండ్లన్నిట్లో ఎంత దూరమైనా తిరగనిచ్చేవాళ్లు. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కకూడదు, ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కకూడదు. పేరులో పద్దెనిమిది ఉన్నా వయసు పట్టింపు లేదు. నా నెత్తిన తెల్లవెంట్రుకలు చూసి కూడా నవ్వకుండా స్టాంపు వేసిచ్చారు. మర్నాటి ఏడాది చలికాలం నుంచి నిబంధనలు మార్చేశారు, ఇప్పుడు రోజులు వరసగా వాడుకోవాలి. నాలాంటి శని, ఆదివారాల యాత్రికులకి అదొక దెబ్బ. ఆ సంగతి అలా ఉంచుదాం. పోస్టర్లతో వచ్చిన పేరు, ఫోన్ కెమెరాలు వచ్చాక ఎక్కడికో వెళ్లిపోయింది.

నాతో పనిచేసే తెలుగు కుర్రాడు ఒకడు నాకంటే ముందే షిమొనాద చూసొచ్చాడు. "అన్నా, వీళ్ల టేస్టే వేరు. ఏమీ లేకుండా వదిలేశారు చూడండి. మనవాళ్లైతే ఆ చోట సిమెంటు డాల్ఫిన్ కట్టి, దాని పక్కన ఐ లవ్ షిమొనాద అని రంగు అక్షరాలు పెట్టేవాళ్లు" అన్నాడు. డాల్ఫిన్ విషయంలో వాడితో పేచీ లేదు. కానీ "ఏమీ లేకుండా వదిలేశారు" అన్నది మాత్రం మనసులో ఉండిపోయింది. ఇక్కడ ఏమీ లేకపోవటం ఎవరో కూర్చుని చేసిన డిజైన్ కాదు. ఒక్కొక్కటిగా తీసేయగా మిగిలింది ఇది.

ముందు సముద్రం సంగతి. కట్టినప్పుడు ఈ స్టేషన్ ఇప్పటికంటే సముద్రానికి చాలా దగ్గర. ప్లాట్‌ఫారం కిందే నీళ్లు. జపాన్‌లో సముద్రానికి అతి దగ్గరి స్టేషన్ అని దీనికి పేరుండేది. తర్వాత ఒడ్డు పూడ్చి 378వ నంబరు జాతీయ రహదారి వేశారు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటే సముద్రమే కనిపిస్తుంది కానీ అంచు దాకా వెళ్లి తొంగిచూస్తే కింద రోడ్డు, దాని మీద చేపల లారీ. ఫొటోలో రోడ్డు పడకుండా ఎక్కడ నిలబడాలో అక్కడికి వచ్చినవాళ్లందరికీ తెలుసు.

ఇక 1986. అంతవరకు మత్సుయామా నుంచి ఉవాజిమా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఈ ఒడ్డు వెంబడే వెళ్లేవి. వంపులు ఎక్కువ, కొండచరియల బెడద, వేగం తక్కువ. అందుకని ఉచికో మీదుగా కొండల్లోంచి సొరంగాలు తవ్వి దగ్గర దారి వేశారు. 1986 మార్చి 3న అది తెరిచారు. ఎక్స్‌ప్రెస్‌లన్నీ అటు వెళ్లిపోయాయి. ఒడ్డు లైనుకి మిగిలింది పాసింజర్లు మాత్రమే. ఎక్స్‌ప్రెస్ లేనప్పుడు ఎదురుబండి దాటటానికి రెండో పట్టా ఎందుకు? షిమొనాదలో ఉన్న రెండు లైన్లలో ఒకటి పీకేశారు. మరుసటి ఏడాది, 1987 ఏప్రిల్ 1న జపాన్ జాతీయ రైల్వే ముక్కలై ప్రైవేటు కంపెనీలైంది. ఈ లైను జేఆర్ షికోకు వాటాకి వచ్చింది.

సముద్రాన్ని వెనక్కి నెట్టారు, వేగం బండ్లు తీసుకెళ్లిపోయారు, పట్టా పీకారు, మనిషిని తీసేశారు. మిగిలిందే మనం తన్మయత్వంతో ఫొటో తీసుకునేది. ఇది తెలిశాక ఆ చోటు అందం తగ్గలేదు నాకు. ఆ నిశ్శబ్దానికి "జపనీయుల సౌందర్య దృష్టి" అని పేరు పెట్టడం మాత్రం మానేశాను. పిల్లలంతా పట్నం వెళ్లిపోయిన పెంకుటిల్లు కూడా ప్రశాంతంగానే ఉంటుంది.

వెళ్లేటప్పటి ప్రయాణం గురించి చెప్పకపోతే అన్యాయం. ఈ లైనుకి కరెంటు తీగలు ఇయో పట్టణం దాకానే ఉన్నాయి. అక్కడి నుంచి డీజిలే. స్టీలు రేకు ఒంటి పెట్టె, లోపల గోడల వెంబడి పొడుగు సీట్లు, గురగురమనే ఇంజను. డ్రైవరే గార్డు, డ్రైవరే టికెట్ కలెక్టరు. తెల్ల చేతి తొడుగులు. డాష్‌బోర్డులో చిన్న గుంట, అందులో గుండ్రటి జేబు గడియారం సరిగ్గా అమిరి ఉంది. ప్రతి సిగ్నల్ దగ్గరా వేలు చాచి చూపిస్తూ, దాని రంగు పైకి చెప్పుకుంటాడు. పెట్టెలో ఉన్నది ఆరుగురం, అయినా గొంతు తగ్గించలేదు. స్టేషన్ రాగానే బండి ఆపి, లేచి, తలుపు దగ్గర నిలబడి, దిగేవాళ్ల చిల్లర డబ్బాలో పడేదాకా చూసి, "అరిగాతో గొజాయిమస్" అని ధన్యవాదాలు చెప్పి, మళ్లీ కూర్చుని, గడియారం చూసి, మళ్లీ వేలు చాచి బండి కదుపుతాడు.

నేను ముందువైపు నిలబడి ఇదంతా చూస్తుంటే కాకినాడ - కోటిపల్లి రైలుబస్సు గుర్తొచ్చింది. అదీ ఒంటి పెట్టే. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా పొలాల మధ్య ఊగుతూ వెళ్లేది. గేటు దగ్గర ఆగితే గేదెలు తలెత్తి చూసేవి. ఆ లైనుది ఇంకో కథ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేసి పట్టుకుపోయారు. మళ్లీ వేసి బండి నడిపేటప్పటికి 2004 వచ్చింది. సరిగ్గా ఆ యుద్ధంలోనే జపాన్ ప్రభుత్వం కూడా అంత అవసరం లేదనుకున్న లైన్లను ఎంచి పట్టాలు పీకించింది, ఇనుము కోసం. రెండు వైపుల నుంచి కొట్టుకున్న రాజ్యాలు ముందు చెయ్యి వేసింది తమ చిన్న లైన్ల మీదే. చిన్న లైను ఎక్కడైనా అందరికీ లోకువే.

మా ఊరి హాల్టు గురించి రెండు మాటలు. మాది పెద్ద స్టేషనేమీ కాదు. కమీషన్ మీద టికెట్లమ్మే ఏజెంటు ఒకాయన, ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు. నా చిన్నప్పుడు రెండు పాసింజర్లు ఆగేవి. మా నాన్న ప్రతి శనివారం పాసింజరు దిగి వచ్చేవాడు, చేతిలో జంతికల పొట్లం ఉండేది. తర్వాత ఎప్పుడో అవి ఆగటం మానేశాయి. ఎవరు ఆపేశారో, ఏ కాయితం మీద రాశారో మా ఊళ్లో ఎవరికీ తెలీదు. అసలు అడిగినవాళ్లూ లేరు, ఎందుకంటే అప్పటికే అందరికీ బైకులు వచ్చేశాయి. నేను కూడా అడగలేదు. హాల్టు పోయిందని బాధపడటం నేను జపాన్ వచ్చాక మొదలుపెట్టాను. అదీ నా నిజాయితీ.

ఈ మాట ఎందుకంటే, చిన్న స్టేషన్ అనగానే మనవాళ్లకి వాట్సాప్‌లో వచ్చిన ఒక కథ గుర్తొస్తుంది. జపాన్‌లో ఒకే ఒక్క అమ్మాయి బడికెళ్లటం కోసం రైల్వే వాళ్లు స్టేషన్ మూయకుండా ఉంచారట, ఆ అమ్మాయి చదువు అయిపోయే రోజు దాకా బండి ఆపారట. మా పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ ఏడాదికోసారి నాకు పంపిస్తాడు, కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగు పెట్టి. 2016 జనవరిలో పుట్టిన కథ ఇది. జపాన్ ఉత్తరపు దీవి హొక్కైదోలోని కామి-షిరతాకి అనే స్టేషన్ పేరుతో తిరిగింది. నిజానికి ఆ విద్యార్థిని ఎక్కే స్టేషన్ అది కాదు, అదే లైన్లో ఉన్న క్యూ-షిరతాకి. మార్చి 26న ఆ చుట్టుపక్కల మూడు స్టేషన్లు ఒకేసారి మూసేశారు, ఎక్కేవాళ్లు లేక. మరి అమ్మాయి చదువు కూడా మార్చిలోనే ఎందుకు అయిపోయింది? జపాన్‌లో అందరి చదువూ మార్చిలోనే అయిపోతుంది. రైల్వే టైంటేబుల్ కూడా ఏటా మార్చిలోనే మారుతుంది. ఈ రెండిటినీ ముడేసి ఎవరో కన్నీళ్లు పెట్టించారు.

ఇది చెప్తే మా అన్నయ్యకి కోపం వచ్చింది. "నీకు మంచి కనపడదురా" అన్నాడు. నాకు కనపడనిది మంచి కాదు, లెక్క. ఆ కథ పంచుకునేవాళ్లందరూ చిన్న స్టేషన్ బతకడానికి పెద్ద మనసున్న కంపెనీ ఉంటే చాలనుకుంటారు. అది చాలదు. ఈ దేశంలో కంపెనీలు యెన్ యెన్ లెక్కపెడతాయి, లెక్క బైట పెడతాయి కూడా. 2019లో జేఆర్ షికోకు తన లైన్లన్నిటి జమాఖర్చులు విడివిడిగా ప్రకటించింది. లాభం చూపించింది ఒకటే ఒకటి, సెతో మహావంతెన మీదుగా ప్రధాన దీవికి వెళ్లే లైను. మిగతావన్నీ నష్టమే. మత్సుయామా నుంచి తకమత్సు వెళ్లే రద్దీ భాగం కూడా నష్టమే. షిమొనాద ఉన్న ఒడ్డు లైను సంగతి వేరే చెప్పాలా.

ఇక్కడ వాడే కొలత ఒకటుంది. పట్టాలో ఒక్కో కిలోమీటరు మీదుగా రోజుకి సగటున ఎంతమంది వెళ్తున్నారు అన్నది. 1980లలో జాతీయ రైల్వే అప్పుల్లో మునిగినప్పుడు నాలుగు వేల లోపున్న లైన్లని బస్సులకి మార్చటానికి జాబితా కట్టారు. 2022లో ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం, వెయ్యి లోపున్న లైన్ల భవిష్యత్తు మీద కంపెనీ, స్థానిక ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాలంది. మరుసటి ఏడాది దానికి చట్టం తోడైంది. షిమొనాద ఉన్న ముక్క ఆ వెయ్యి లోపుదే. జపాన్‌లో ఎక్కువమంది ఫొటో తీసే స్టేషన్లలో ఒకటి, మూసేద్దామా అని మాట్లాడుకోవాల్సిన లైను మీద ఉంది. పైన చెప్పిన ఇరవై ముగ్గురు ఈ కొలతలో ఎక్కడా లేరు. ప్లాట్‌ఫారం టికెట్టు కూడా లేని స్టేషన్ అది.

మాట్లాడుకుంటే ఏమవుతుంది? రెండు రకాలుగా అవుతుంది, రెంటికీ ఉదాహరణలు సముద్రం ఒడ్డునే ఉన్నాయి.

హొక్కైదోలో హిడకా లైను. గుర్రాల పెంపకానికి పేరున్న ప్రాంతం, పట్టాలు కొన్నిచోట్ల కెరటాల పక్కనే. 2015 జనవరిలో పెద్ద అలలకి కట్ట కొట్టుకుపోయింది. తర్వాత తుఫాన్లకి ఇంకొంచెం పోయింది. బాగుచేయటానికి, తర్వాత నిలబెట్టటానికి డబ్బెవరు పెడతారన్న దగ్గర ఏళ్లు గడిచాయి. చివరికి ఆ ప్రాంతంలోని ఏడు ఊళ్లూ ఒప్పుకుని సంతకాలు చేశాయి. 2021 ఏప్రిల్ 1న ముకావా నుంచి సమాని దాకా 116 కిలోమీటర్లు రద్దు. తెగిన పట్టా ఆరేళ్లు అలాగే వేలాడి, అలాగే పోయింది.

రెండోది ఈశాన్యంలో సాన్‌రికు రైల్వే. దీని పుట్టుకే వేరు. జాతీయ రైల్వే వద్దనుకున్న లైన్లని ప్రిఫెక్చరు, ఒడ్డు ఊళ్లు కలిసి తీసుకుని 1984 ఏప్రిల్ 1న సొంతంగా నడపటం మొదలుపెట్టాయి. 2011 మార్చి 11న సునామీ వచ్చింది. స్టేషన్లు కొట్టుకుపోయాయి, షిమానొకొషి దగ్గర వంతెనా స్టేషనూ రెండూ పోయాయి. ఐదు రోజులకి, మార్చి 16న, కుజి నుంచి రికుచూ-నొదా దాకా ఉన్న ముక్క మీద బండి కదిలింది. టికెట్టు లేదు, నెలాఖరు దాకా ఎవరైనా ఎక్కొచ్చు. మిగతాదంతా మళ్లీ కట్టి పూర్తిగా నడిపేసరికి 2014 ఏప్రిల్. ప్రభుత్వం పెద్ద మొత్తం పెట్టింది, అది లేకపోతే అయ్యే పని కాదు. 2019 మార్చిలో జేఆర్ నుంచి పక్క లైను కూడా కలిపి 163 కిలోమీటర్లు చేశారు. ఆర్నెల్లు దాటి నెల తిరిగిందో లేదో తుఫాను మళ్లీ తెంపేసింది. మళ్లీ అతికించి 2020 మార్చిలో నడిపారు.

రెండూ సముద్రం తెంపిన లైన్లే. హిడకావాళ్లకి తమ రైలంటే ప్రేమ లేదని నేననను. తేడా నాకు కనిపించినంతవరకు ఒకటే. సాన్‌రికులో బండి ఎవరిది అని అడిగితే ఊళ్లు "మాది" అని కాయితం మీద చూపించగలవు. ఏళ్ల తరబడి తమ పద్దులోంచి నష్టం భరిస్తూ వచ్చిన ఊళ్లు అవి. హిడకాలో బండి కంపెనీది. కంపెనీ బిల్లు ఊళ్ల ముందు పెట్టేసరికి, ఎన్నడూ కట్టని అద్దె ఒక్కసారిగా కట్టమన్నట్టయింది. సునామీ అన్న పేరు తెచ్చే సానుభూతి, మామూలు అలలకి రాదన్నది కూడా నిజమే. ఆ మాట అనకపోతే నా వాదన కుంటుతుంది.

"ఎందుకంత ప్రయాస, బస్సు వెయ్యొచ్చు కదా" అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నని కొట్టిపారేయలేను. షిమొనాద కిందే 378 ఉంది. మంచి రోడ్డు. ఒక చిన్న బస్సు వేస్తే ఆస్పత్రి తలుపు దాకా వెళ్తుంది. సొరంగాలు, వంతెనలు, కొండకట్టలు చూసుకునే ఖర్చు లేదు. కారు తోలలేని ముసలివాళ్లకి స్టేషన్ మెట్ల కన్నా బస్సే నయం కావచ్చు. ఆ లైన్లో రోజూ తిరిగే హైస్కూలు పిల్లలు, ముసలివాళ్లు ఎంతమంది, వాళ్లకేం కావాలి అని అడిగి, బస్సు అని తేలితే బస్సే వెయ్యాలి. నేను పట్టాల పక్షం వాణ్ణే, అయినా సాటివాళ్ల ఆస్పత్రి ప్రయాణం మీద నా వ్యామోహాన్ని రుద్దలేను. నాకు నచ్చనిదల్లా ఒకటే. ఆ నిర్ణయంలో పోస్టరు ఎక్కువ మాట్లాడటం, ప్రయాణికుడు తక్కువ మాట్లాడటం. "ఇంత అందమైన స్టేషన్ మూసేస్తారా" అని దూరం నుంచి వచ్చినవాడు గుండె బాదుకుంటాడు. పక్క స్టేషన్, పేరు లేనిది, బెంచీ నుంచి సముద్రం సరిగా కనిపించనిది, దాని గురించి ఎవడు బాదుకుంటాడు? అక్కడా బండెక్కే ముసలమ్మ ఉంటుంది.

ఫుతామి వాళ్లు ఊరికే కూర్చోలేదని కూడా రాయాలి. ఎక్స్‌ప్రెస్‌లు వెళ్లిపోయిన అదే 1986లో ఈ ప్లాట్‌ఫారం మీద సూర్యాస్తమయం వేళ పాటకచేరీ మొదలుపెట్టారు. బండ్లు నడుస్తూనే ఉంటాయి, మధ్యలో కచేరీ. పడమటి ఎండనే తమ ఊరి పంటగా చేసుకున్నారు. జేఆర్ షికోకు 2014లో ఇయోనాదా మొనొగతారి అని ఒక టూరిస్టు బండి పెట్టింది, భోజనం పెడుతూ నింపాదిగా తిప్పుతుంది. అది షిమొనాదలో ఫొటోల కోసం కాసేపు ఆగుతుంది. ఆ బండి వెళ్లేటప్పుడు దారి పొడుగునా జనం తమ ఇళ్ల ముందుకొచ్చి చేతులూపుతారు. గొరో అనే స్టేషన్లో అయితే కొందరు తనుకి వేషాలు వేసుకుని ఊపుతారు. తనుకి అంటే నక్కకీ కుక్కకీ మధ్యలా ఉండే జంతువు, జపాన్ జానపద కథల్లో టక్కరిది. నాకు ఆ ఊపటం అన్ని పోస్టర్ల కన్నా నచ్చింది. తమ ఊరు దాటిపోతున్న బండిని చూసి ఊరకుండలేకపోయిన మనుషులు వాళ్లు.

షిమొనాదలో నేను మాట్లాడింది ఒక్కరితోనే. స్టేషన్ పక్కన మొక్కలకి నీళ్లు పోస్తున్న పెద్దావిడ, నెత్తిన గుడ్డ టోపీ. కార్లు ఆవిడ ఇంటి సందులోనే తిప్పుకుంటున్నారు, ఒకటి సగం ఆవిడ గోడకి ఆనించి పెట్టారు. ఆవిడ దాన్ని చూసీ చూడనట్టు చుట్టూ తిరిగి నీళ్లు పోస్తోంది. నేను గుడ్ ఈవెనింగ్ చెప్పాను, వచ్చిన కాస్త జపనీస్‌లో. ఏ దేశం అంది. ఇండియా అన్నాను. కారెక్కడ పెట్టావు అంది. కారు లేదండీ, బండిలో వచ్చాను అన్నాను.

"బండిలోనా!" అని చేతిలో నీళ్ల డబ్బా కింద పెట్టేసింది. "అయ్యో, మరి తర్వాత బండి చాలా సేపటిగ్గానీ లేదే. అప్పటిదాకా ఏం చేస్తావు? మంచినీళ్లున్నాయా?"

ఆవిడకి టైంటేబుల్ నోటికి వచ్చు. ఆ సాయంత్రం అక్కడున్న ఇరవై ఏడు మందిలో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

తిరిగి ఎక్కేటప్పుడు తలుపు పక్కన మిషన్లోంచి నంబరు చీటీ లాక్కున్నాను. నా దగ్గర సెయ్‌షున్ 18 ఉంది కాబట్టి ఆ చీటీ అక్కర్లేదు, అలవాటుగా లాగేశాను. ముందు డ్రైవర్ తల పైన ఒక బోర్డు వెలుగుతూ ఉంటుంది. చీటీ నంబరు కింద ఇప్పుడు దిగితే ఎంత కట్టాలో చూపిస్తుంది. ఇయో-కామినాద దాటాక నా నంబరు కింద అంకె పెరిగింది. కొనొకావా, ముకాయిబారా, మళ్లీ పెరిగింది. బైట చీకటి పడిపోయింది, కిటికీలో నా ముఖమే కనిపిస్తోంది. ప్రతి స్టేషన్‌కీ ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నాను. టికెట్టు కొనని ఇరవై ముగ్గురి గురించి మనసులో వ్యాసం రాసుకుంటున్నవాణ్ణి, నేను పోనూ రానూ వాడింది రోజుకి 2,410 యెన్ పడే టికెట్టు. కోబె నుంచి వచ్చింది కూడా దాంతోనే. అందులోంచి ఈ లైనుకి ఎన్ని పైసలు చేరతాయో.

మత్సుయామాలో అప్పటికింకా ఆటోమేటిక్ గేట్లు లేవు. గేటు దగ్గర మనిషే నిలబడి చూసేవాడు. నా టికెట్టు మీద స్టాంపు తేదీ చూసి తల ఊపాడు. షిమొనాద చీటీ చూపించబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అది ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.